అమ్మానాన్నలకు అనువైన కంప్యూటర్

పూర్వం రైతు సంతకు వెళ్లి ఎడ్లను కొనేటప్పుడు వాటి ఎత్తునూ అందాన్నీ మాత్రమే చూసేవాడు కాదు. తన పొలం ఎంత, వామిలో గడ్డి ఎంత, తాను పొరుగూరు వెళ్తే కాడి కట్టేవారు ఎవరు అని లెక్క చూసుకునేవాడు. ఒంగోలు గిత్త ఎంత అందమైనదైనా రెండెకరాల మెట్ట ఉన్నవాడికి దాని మేత భారమే. సంతలో ఇచ్చే ధర ఒక్కసారిది. మేత ప్రతిరోజుదీ. కొనడం కంటె పోషించడం కష్టమని తెలిసినవాడే మంచి బేరగాడు.

ఈ తెలివి ఎడ్ల బేరానికే కాదు, కంప్యూటర్ బేరానికీ వర్తిస్తుంది. నేడు చదువుల కోసం, ఉద్యోగాల కోసం పిల్లలు దూరప్రాంతాలకు వెళ్తున్నారు. తల్లిదండ్రులు ఉన్న ఊళ్లోనే ఉంటున్నారు. వారికి ఒక కంప్యూటర్ కొనిపెడితే రోజూ చూసుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు అని పిల్లలు అనుకోవడం సహజం. ఆ కోరిక వెనక ప్రేమ ఉంది. అయితే ప్రేమతో కొన్న వస్తువులన్నీ ఉపయోగపడవు. వాడేవారి చేతికి కుదిరిన వస్తువే ఉపయోగపడుతుంది.

ఉదాహరణకు ఒడిశాలోని బరంపురంలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి పదవీ విరమణ చేసిన గుమాస్తా. తల్లి ఇచ్ఛాపురం ఆడపడుచు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అతడు దసరా సెలవులకు వచ్చినప్పుడు తల్లిదండ్రులకు ఒక పెద్ద కంప్యూటర్ కొన్నాడు. అది అతని పనికి సరిపోయే యంత్రం. వేగం ఎక్కువ, ధర ఎక్కువ, వెనక వైపు తీగలూ ఎక్కువే. రెండు రోజులు కూర్చోబెట్టి అన్నీ చూపించి వెళ్లిపోయాడు.

మొదటి నెల బాగానే గడిచింది. ఒకరోజు కంప్యూటర్ తనను తాను సవరించుకుంటూ ఉండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి తెరమీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న కనిపించింది. దానికి ఏం జవాబు చెప్పాలో తండ్రికి తెలియలేదు. మరో రోజు యంత్రం సంకేతపదం, అంటే పాస్‌వర్డ్, అడిగింది. అది రాసిపెట్టిన చీటీ దొరకలేదు. కొడుక్కి ఫోన్ చేస్తే, "అమ్మా, పనిలో ఉన్నాను. రాత్రికి చెప్తాను" అన్నాడు. రాత్రి అతడు ఫోన్‌లో చెప్పినదేదీ తెరమీద కనిపించలేదు. "ముట్టుకుంటే పాడవుతుందేమో బాబూ, నువ్వొచ్చాకే చూద్దువుగాని" అన్నది తల్లి. ఉగాదికి కొడుకు ఇంటికి వచ్చాడు. కంప్యూటర్ మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉన్నది. దాని మీద ఒక పూలకుండీ ఉన్నది.

ఇక్కడ యంత్రం చెడిపోలేదు. తల్లిదండ్రులు తెలివితక్కువవారూ కారు. ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసిన తండ్రి, ఇంటి ఖర్చును పైసలతో సహా గుర్తుపెట్టుకునే తల్లి, కొత్త వస్తువును నేర్చుకోలేనివారా? పొరపాటు ఎంపికలో జరిగింది. కొడుకు తనకు నచ్చిన యంత్రాన్ని కొన్నాడే కాని, తాను లేనప్పుడు దాన్ని ఎవరు సంబాళిస్తారని ఆలోచించలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు.

కనక కంప్యూటర్ కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న "ఏ కంపెనీది?" అని కాదు, "ఏ పనికి?" అని. ఈ ప్రశ్నకు జవాబు తల్లిదండ్రులే చెప్పాలి. ఒక కాగితం తీసుకొని వారితోనే జాబితా రాయించాలి. మనుమలను చూస్తూ మాట్లాడటం, తెలుగు పత్రికలు చదవడం, పాత పాటలు వినడం, పెళ్లి ఫోటోలు దాచుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, బంధువులకు ఉత్తరాలు రాయడం వంటివే చాలా ఇళ్లలో ఆ జాబితాలో ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదానికీ ఖరీదైన యంత్రం అక్కరలేదు. జాబితాలోని పనులు ఎక్కువగా చూడటం, వినడం అయితే ఒక రకం యంత్రం చాలు. రాయడం, లెక్కలు వేయడం ఎక్కువైతే మరో రకం కావాలి.

కొన్ని పనులకు కంప్యూటరే అక్కరలేకపోవచ్చు. పింఛను తీసుకునేవారు ఏటా తాము జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. దీన్ని ఇంటినుంచే పంపే వీలు కల్పిస్తూ కేంద్ర ప్రభుత్వం 2014లో జీవన్ ప్రమాణ్ అనే పద్ధతిని ప్రారంభించింది. మొదట్లో దానికి వేలిముద్రనో కంటిపాపనో గుర్తించే పరికరం విడిగా కావలసివచ్చేది. 2021లో ముఖాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది. దానితో కెమెరా ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే ఆ పని చేసుకునే వీలు కలిగింది. చేతిలో ఉన్న ఫోనుతో జరిగే పనికి బల్లమీద కంప్యూటర్ కొనడం దండగ. జాబితా రాసుకుంటే ఇలాంటి సంగతులు ముందే తెలుస్తాయి.

జాబితా తయారైన తరవాత యంత్రాల రకాలు చూడాలి. మొదటిది టాబ్లెట్. ఇది పలకలాంటిది. మీటలు, మౌస్ ఉండవు. తెరను వేలితో తాకితే చాలు. ఫోన్ వాడటం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. చూడటానికీ, వినడానికీ, మాట్లాడటానికీ ఎంతో అనువైనది. ఒళ్లో పెట్టుకొని మంచంమీద కూర్చునైనా వాడుకోవచ్చు. అయితే పెద్ద ఉత్తరాలు రాయడానికి అంత వీలుగా ఉండదు. చేతులు వణికేవారికి తెరమీద చిన్న గుర్తులను తాకడం కష్టం కావచ్చు.

రెండవది లాప్‌టాప్. పుస్తకంలా తెరిచి మూయవచ్చు. తెర, మీటలు, కెమెరా, మైకు, స్పీకర్లు అన్నీ ఒక్కదానిలోనే ఉంటాయి. లోపల బ్యాటరీ ఉండటం వల్ల కరెంటు పోయినా పని ఆగదు. మన ఊళ్లలో ఇది చిన్న లాభం కాదు. చెడిపోతే చంకన పెట్టుకొని దుకాణానికి తీసుకుపోవచ్చు. బరంపురం తండ్రికి ఎదురైన మొదటి కష్టం లాప్‌టాప్ ఉంటే వచ్చేదే కాదు.

మూడవది బల్లమీద పెట్టుకునే కంప్యూటర్. దీని తెర పెద్దది. కళ్లజోడు పెట్టుకునేవారికి సుఖం. ఏ భాగం చెడితే ఆ భాగాన్నే మార్చుకోవచ్చు. కాని తీగలు ఎక్కువ. కరెంటు పోతే వెంటనే ఆగిపోతుంది. అందుకని యూపీఎస్ అనే బ్యాటరీ పెట్టెను కూడా కొనాలి. కొన్నేళ్లకోసారి దాని బ్యాటరీని మార్చాలి. ఈ రకంలోనే తెర వెనకే యంత్రమంతా అమర్చినవి ఉన్నాయి. వాటికి తీగల బెడద తక్కువ. అయితే అన్నీ ఒక్కచోటే ఉండటం వల్ల ఒక భాగం చెడితే మొత్తం యంత్రాన్నే మరమ్మతుకు పంపవలసి రావచ్చు.

యంత్రం శరీరమైతే దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాణం వంటిది. తెరమీద ఏది ఎక్కడ కనిపించాలి, మీట నొక్కితే ఏం జరగాలి అన్నది ఇదే నిర్ణయిస్తుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్, ఆపిల్ సంస్థ మ్యాక్ఓఎస్, గూగుల్ సంస్థ క్రోమ్ఓఎస్ తయారుచేశాయి. ప్రపంచంలోని ఎందరో కలిసి పెంచుతున్న లినక్స్ కూడా ఉన్నది. టాబ్లెట్లలో ఆండ్రాయిడ్, ఐప్యాడ్ఓఎస్ కనిపిస్తాయి. వీటిలో ఏది గొప్పదని వాదించుకునేవారు చాలామంది ఉన్నారు. తల్లిదండ్రుల విషయంలో ఆ వాదనతో పనిలేదు. వారికి ఇదివరకే అలవాటైనది ఏది? కష్టం వచ్చినప్పుడు సాయం చేసే మనిషికి తెలిసినది ఏది? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబే సరైన ఎంపిక.

విండోస్‌కు ఉన్న లాభం ఏమంటే అది తెలిసినవారు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. మ్యాక్, ఐప్యాడ్‌లలో యంత్రాన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ఒకే సంస్థ తయారుచేస్తుంది. అందువల్ల రెండింటికీ పొత్తు బాగా కుదురుతుంది. కాని ధర ఎక్కువ, మరమ్మతు చేసేవారు చిన్న ఊళ్లలో అరుదు. క్రోమ్ఓఎస్‌తో నడిచే యంత్రాలను క్రోమ్‌బుక్‌లంటారు. ఇవి 2011లో మార్కెట్లోకి వచ్చాయి. ఎక్కువ పనులు ఇంటర్నెట్ ద్వారానే జరుగుతాయి. సవరణలు దాదాపు తమంతట తామే చేసుకుంటాయి. ఇంటర్నెట్ సరిగా అందే ఇంట్లో ఇవి పోషణ భారం తక్కువైన యంత్రాలు. అది అందని చోట వీటి ఉపయోగం సగానికి సగం తగ్గుతుంది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం మరొకటి ఉన్నది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆయుర్దాయం ఉంటుంది. దొంగలు కొత్త కొత్త కన్నాలు కనిపెడుతూ ఉంటారు. తయారుచేసిన సంస్థ వాటిని పూడుస్తూ సవరణలు పంపుతూ ఉంటుంది. ఆ సంస్థ సవరణలు ఆపేసిన రోజునుంచి యంత్రం నడుస్తున్నా దానికి కాపలా ఉండదు. 2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సవరణలను 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. దాని తరవాతి విండోస్ 11 పాత యంత్రాలలో చాలావాటికి సరిపడదు. తక్కువ ధరకు వస్తున్నదని పాత యంత్రాన్ని కొని తల్లిదండ్రులకు ఇచ్చేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. 2021 నుంచి విడుదలైన క్రోమ్‌బుక్‌లకు పదేళ్లపాటు సవరణలు అందిస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఈ పదేళ్లూ ఆ రకం యంత్రం విడుదలైననాటి నుంచి లెక్క, మనం కొన్ననాటి నుంచి కాదు. ఏ యంత్రం కొన్నా "దీనికి సవరణలు ఏ సంవత్సరం దాకా వస్తాయి?" అని దుకాణంలో అడగడం మరిచిపోకూడదు.

ఇక యంత్రం లోపలి భాగాలు. సమాచారాన్ని దాచే భాగం రెండు రకాలుగా ఉంటుంది. పాతది హార్డ్ డిస్క్. దానిలో లోహపు పూత పూసిన పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో గిరగిర తిరుగుతుంటాయి. వాటిమీద సన్నని ముల్లులాంటిది కదులుతూ సమాచారాన్ని రాస్తుంది, చదువుతుంది. నడుస్తుండగా కుదుపు తగిలితే దెబ్బతినవచ్చు. కొత్తది ఎస్‌ఎస్‌డి. దీనిలో కదిలే భాగాలు లేవు. చప్పుడు చేయదు. మీట నొక్కిన కొద్ది క్షణాలలో యంత్రం సిద్ధమవుతుంది. పాత యంత్రాన్ని నొక్కి, అది ఎంతకూ తెరుచుకోకపోతే మళ్లీ మళ్లీ నొక్కి, చివరికి విసిగి వదిలేసేవారు ఎందరో ఉన్నారు. అందుకే తల్లిదండ్రుల కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డి తప్పనిసరి. పైన చెప్పిన పనులకు 8 గిగాబైట్ల మెమరీ, 256 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డి సరిపోతాయి. అంతకు మించి పెట్టే డబ్బును మంచి తెర మీదనో, ఎక్కువ కాలం వర్తించే వారంటీ మీదనో పెట్టడం మేలు. ఆ సంస్థ మరమ్మతు కేంద్రం తల్లిదండ్రుల ఊళ్లోగాని, దగ్గరి పట్నంలోగాని ఉన్నదో లేదో విచారించాలి.

తెలుగు సీమకు దూరంగా ఉన్న కుటుంబాలు ఆలోచించవలసిన సంగతి భాష. పూర్వం కంప్యూటర్‌లో ఒకచోట రాసిన తెలుగు మరోచోట తెరిస్తే గజిబిజి గుర్తులుగా కనిపించేది. ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతిలో అక్షరాలను దాచడమే దానికి కారణం. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు స్థానం లభించింది. ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక స్థిరమైన సంఖ్య ఏర్పడింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఖతి వచ్చింది. నేడు పైన చెప్పిన యంత్రాలన్నిటిలోనూ తెలుగు చదవవచ్చు, రాయవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో "అమ్మ" అని కొడితే తెలుగులో వచ్చే పద్ధతి ఉన్నది. మాట్లాడితే అక్షరాలుగా మారే పద్ధతిని గూగుల్ 2017లో తెలుగుకు కూడా తెచ్చింది. మీటలు కొట్టడం రాని తల్లి ఇచ్ఛాపురంలోని చెల్లెలికి తన మాటతోనే ఉత్తరం రాయవచ్చు.

అయితే దుకాణదారు ఇచ్చే కంప్యూటర్‌లో ఈ ఏర్పాట్లు సిద్ధంగా ఉండకపోవచ్చు. షోలాపూరులోనో హోసూరులోనో దుకాణదారుకు తెలుగు గుర్తుకు రాకపోవడంలో వింత లేదు. అడిగి పెట్టించుకోవాలి, లేదా పిల్లలే అమర్చాలి. ఇక్కడ మరో మెలిక ఉన్నది. బరంపురం తండ్రి ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, కాని ఒడియా బడిలో చదువుకున్నాడు. ఆయనకు ఒడియా అక్షరాలే చేతి అలవాటు. తల్లికి తెలుగు తప్ప మరొకటి చదవడం రాదు. ఇలాంటి ఇళ్లు బళ్లారిలో, షోలాపూరులో, హోసూరులో కూడా కనిపిస్తాయి. అటువంటి ఇంట్లో ఇద్దరికీ రెండు ఖాతాలు తెరిచి, ఎవరి భాష వారికి అమర్చడం మంచిది. తెరమీది సూచనలన్నీ తెలుగులో పెట్టేముందు సాయానికి వచ్చే పొరుగువారికి ఆ లిపి చదవడం వచ్చో రాదో కూడా ఆలోచించాలి. రాకపోతే సూచనలు వారికి తెలిసిన భాషలో ఉంచి, రాయడానికీ చదవడానికీ మాత్రం తెలుగు పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌కు భాష పేరుకోసం కాదు, పని జరగడానికి.

యంత్రం కొన్న తరవాత దాన్ని పెట్టెలోంచి తీసి అలాగే అప్పగించకూడదు. కొత్త కోడలికి వంటిల్లు సర్దిచ్చినట్టు ముందు దాన్ని సర్దాలి. తెరమీద జాబితాలోని పనులకు సంబంధించిన గుర్తులు మాత్రమే ఉంచి మిగిలినవి తీసెయ్యాలి. అక్షరాలను పెద్దవి చెయ్యాలి. సవరణలు తమంతట తామే జరిగేలా, అవి రాత్రివేళ జరిగేలా అమర్చాలి. తల్లిదండ్రులు రోజూ వాడే ఖాతాకు మామూలు అధికారమే ఉండాలి. కొత్త కార్యక్రమాలను ఎక్కించే అధికారం వేరే ఖాతాలో ఉండాలి. దీనివల్ల పొరపాటున ఏదో నొక్కినా పెద్ద నష్టం జరగదు. "ఏది నొక్కినా పాడు కాదు" అని ధైర్యం చెప్పాలంటే ముందు ఆ మాట నిజమయ్యేలా అమర్చాలి.

పాస్‌వర్డ్‌కు బదులు వేలిముద్రతో తెరుచుకునే యంత్రమైతే సౌకర్యం. అయినా పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో దాచాలి. బ్యాంకు రహస్య సంఖ్యలను మాత్రం దానిలో రాయకూడదు. మనుమల ఫోటోలు, ఇంటి కాగితాల నకళ్లు ఒక్కచోటే ఉంచడం ప్రమాదం. ఎంత మంచి యంత్రమైనా ఏదో ఒకనాడు ఆగిపోతుంది. వాటి నకలు మరోచోట కూడా ఉండాలి. విడిగా ఉండే డిస్క్‌లో ఒకటి, ఇంటర్నెట్ ద్వారా దాచేది మరొకటి ఉంటే నిశ్చింత. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే పోయిన ఫోటోలు తిరిగి రావు.

దూరంగా ఉన్న పిల్లలు తమ కంప్యూటర్ నుంచే తల్లిదండ్రుల తెరను చూసి సరిచేసే సాధనాలున్నాయి. విండోస్‌లో క్విక్ అసిస్ట్ అటువంటిది. దీన్ని తల్లిదండ్రులు అడిగినప్పుడు, వారి అనుమతితోనే వాడాలి. వారి తెర వారి సొంత గది వంటిది. తలుపు తట్టకుండా లోపలికి వెళ్లడం పిల్లలకైనా మర్యాద కాదు.

ఇదే సాధనాన్ని దొంగలు కూడా వాడతారు. అందుకే పోషణలోని అతి ముఖ్యమైన భాగం జాగ్రత్త. "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెరమీద ఎర్రగా కనిపించవచ్చు. బ్యాంకు వారమంటూ ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడగవచ్చు. పోలీసులమంటూ వీడియోలో కనిపించి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గదిలోంచి కదలవద్దు" అని బెదిరించవచ్చు. ఇవన్నీ మోసాలే. వీడియోలో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ఇంట్లో ఒక చిన్న నియమం పెట్టుకోవాలి. భయపెట్టే మాట ఏది కనిపించినా, వినిపించినా ముందు ఆపేయాలి, తరవాత ఇంట్లోవారికి చెప్పాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 నంబరుకు, బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మోసపోయిన పెద్దలను "అంత మాత్రం తెలియదా?" అని పిల్లలు ఎద్దేవా చేయకూడదు. చేస్తే మరోసారి మోసపోయినప్పుడు వారు చెప్పరు. ఆ మౌనం మొదటి నష్టం కంటె పెద్దది.

చివరిది నేర్పడం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడ చెల్లదు. డెబ్బై ఏళ్లవారు కూడా మనుమరాలి ముఖం చూడటానికి ఏ గుర్తు నొక్కాలో ఇట్టే నేర్చుకుంటారు. ఆ పని వారికి కావాలి కాబట్టి నేర్చుకుంటారు. ఒక్కసారికి ఒక్క పనే నేర్పాలి. వారి చేతిలోని మౌస్ లాక్కోకూడదు. వారి చేతనే చేయించాలి. చేసిన పనిని మెట్టు మెట్టుగా వారి చేతనే కాగితం మీద రాయించాలి. మన రాత మనకు గుర్తున్నట్టు మరొకరి రాత గుర్తుండదు. మరిచిపోయి మళ్లీ అడిగితే విసుక్కోకూడదు. పిల్లలకు అ ఆలు దిద్దించిననాడు వారు ఎన్నిసార్లు చేయి పట్టి దిద్దించారో తలచుకుంటే విసుగు రాదు.

బరంపురం కొడుకు ఆ ఉగాదికి ఈ సంగతులన్నీ గ్రహించాడనుకుందాం. అతడు పెద్ద యంత్రాన్ని తన పనికి తీసుకుపోయి, ఒక సాధారణమైన లాప్‌టాప్ తెచ్చాడు. తెచ్చేముందు తల్లి పక్కన కూర్చొని, "అమ్మా, దీంతో నీకేం పని కావాలి?" అని అడిగాడు. "మా చెల్లెలికి ఉత్తరం రాయాలి. పాప పాట పాడుతుంటే చూడాలి. అంతే బాబూ" అన్నది తల్లి. తండ్రి ఒడియా పత్రిక కావాలన్నాడు. తెరమీద నాలుగు గుర్తులు మిగిలాయి. ఎదురింట్లో పదో తరగతి చదువుతున్న అమ్మాయి, కష్టం వస్తే వచ్చి చూస్తానన్నది. కుట్టుపని గుడ్డ మళ్లీ బల్లమీదికే చేరింది. ఈసారి అది లాప్‌టాప్ కింద పరిచి ఉన్నది.

ప్రతి వీథిలోనూ అటువంటి ఎదురింటి పిల్లలు ఉంటారు. వారు గొప్ప ఇంజనీర్లు కానక్కరలేదు. ఓపికతో వినడం, నెమ్మదిగా చూపించడం తెలిస్తే చాలు. పెద్దలకు మంచి కంప్యూటర్ అంటే ఎక్కువ పనులు చేసేది కాదు. ఎవరినీ బతిమాలుకోకుండా, భయపడకుండా, వారికి కావలసిన పనిని వారే చేసుకోనిచ్చేది. దాన్ని ఎంచుకోవడానికి కావలసిన తెలివి దుకాణంలో దొరకదు. అది తల్లిదండ్రుల మాట వినడంలో దొరుకుతుంది.

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. రైతు ఎడ్లను కొనేటప్పుడు ఏమేమి లెక్క చూసుకునేవాడు?
2. బరంపురం కుటుంబం మొదటి కంప్యూటర్‌ను ఎందుకు వాడటం మానేసింది?
3. హార్డ్ డిస్క్‌కూ ఎస్‌ఎస్‌డికీ తేడా ఏమిటి?
4. మోసపోయిన పెద్దలను ఎద్దేవా చేయకూడదని ఎందుకు అన్నారు?

II. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. "కొనడం కంటె పోషించడం కష్టం." ఈ మాట కంప్యూటర్ విషయంలో ఎలా నిజమో వివరించండి.
2. రెండు భాషలు వాడే ఇంట్లో కంప్యూటర్‌ను ఎలా అమర్చాలి?

III. కింది వాటిని సొంత వాక్యాలలో ప్రయోగించండి.
గోటితో పోయేదానికి గొడ్డలి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం, నిశ్చింత, ఆయుర్దాయం

IV. చేసి చూడండి.
మీ ఇంట్లోగాని, పొరుగింట్లోగాని ఉన్న ఒక పెద్దవారితో మాట్లాడండి. కంప్యూటర్‌తో వారు ఏయే పనులు చేయాలనుకుంటున్నారో జాబితా రాయండి. ఆ జాబితాకు ఏ రకం యంత్రం తగినదో కారణాలతో తరగతిలో చెప్పండి.